విస్తీర్ణం రాయని దస్తావేజు
మన కంప్యూటర్ శిక్షణ తరగతి నుండి ఈ ఏటి పాఠం



ఈ సంచికలో జమాఖర్చుల వివరాలతో పాటు మన శిక్షణ తరగతిలో చెప్పే పాఠం ఒకటి మీ ముందు ఉంచుతున్నాం. మీరిచ్చిన కంప్యూటర్లు, రూటర్లు పిల్లల చేతుల్లో ఏ పనికి వస్తున్నాయో మీకు తెలియాలన్నదే మా ఉద్దేశం. ఈ ఏటి పాఠాన్ని పుస్తకం నుండి తీసుకోలేదు. మన సొంత హాస్టల్లో వచ్చిన ఒక చిక్కు నుండి తీసుకున్నాం. ఆ చిక్కు వల్ల మీ సొమ్ము కొంత అనవసరంగా ఖర్చయ్యేదే. అందుకే పిల్లలకు చెప్పిన పాఠాన్నే మీకూ వివరంగా చెబుతున్నాం.

జరిగింది ఇది

మన పాత భవనంలో పాఠశాల, శిక్షణ తరగతి ఉన్నాయి. బయటి ఇంటర్నెట్ కనెక్షన్ కూడా అక్కడికే వస్తుంది. కొత్త భవనంలో కార్యాలయం, హాస్టల్ గదులు, చదువుల హాలు, గ్రంథాలయం ఉన్నాయి. రెండు భవనాలనూ కేబుల్‌తో కలిపిన వారానికే ఫిర్యాదు వచ్చింది. కార్యాలయంలో ఇంటర్నెట్ చక్కగా వస్తోంది. హాస్టల్లో, చదువుల హాల్లో, గ్రంథాలయంలో మాత్రం ఒక్క పేజీ కూడా తెరుచుకోవడం లేదు. అప్పటికి ఉపకార వేతనాల దరఖాస్తుకు రెండు రోజులే గడువుంది. పిల్లలు చదువుల హాల్లో కూర్చుని దరఖాస్తులు నింపాలి.

కార్యాలయంలో వస్తోంది కాబట్టి లైను మంచిదే, హాస్టల్ వైపు వైర్లే పాడయ్యాయి అని అందరం అనుకున్నాం. వైర్లు మార్చాం. ఫలితం లేదు. అయితే హాస్టల్ రూటరే చెడిపోయి ఉంటుందని కొత్తదానికి కొటేషన్ కూడా తెప్పించాం. కమిటీ సంతకం పెట్టబోయే ముందు శిక్షణ తరగతి పిల్లలు ఒక్క రాత్రి గడువు అడిగారు. ఏ పరికరమూ చెడిపోలేదని ఆ రాత్రి తేలింది.

చిరునామా, విస్తీర్ణం

నెట్‌వర్కులో ప్రతి కంప్యూటర్‌కూ ఒక చిరునామా ఉంటుంది. 172.16.3.70 లాగా నాలుగు అంకెల గుంపులుగా దాన్ని రాస్తాం. 172.16.0.0 నుండి 172.31.255.255 వరకు ఉన్న చిరునామాలను సంస్థలు లోపలి వాడకానికి ఎవరినీ అడగకుండా వాడుకోవచ్చు. 1996 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1918 అనే పత్రం ఆ వీలు ఇచ్చింది. మన రెండు భవనాలూ 172.16తో మొదలయ్యే చిరునామాలే వాడుతున్నాయి.

ఒక్కో విభాగానికి ఈ చిరునామాల్లో ఒక్కో ముక్క ఇస్తాం. ఆ ముక్కనే సబ్‌నెట్ అంటారు. దీన్ని పొలంతో పోల్చి చూడండి. 172.16.3.0 అన్నది పొలం మొదలయ్యే చోటున్న హద్దు రాయి. అక్కడి నుండి పొలం ఎంత దూరం ఉందో ఆ రాయి చెప్పదు. అది చెప్పేది విస్తీర్ణం. నెట్‌వర్కులో ఆ విస్తీర్ణమే సబ్‌నెట్ మాస్కు. /24 అంటే 256 చిరునామాలు. /26 అంటే 64. /30 అంటే 4. /22 అంటే 1024. ప్రతి ముక్కలోనూ మొదటిది, చివరిది తీసేస్తే మిగిలినవి కంప్యూటర్లకు ఇవ్వవచ్చు.

హద్దు రాయి ఒకటే అయినా అక్కడ మొదలయ్యే పొలం 64 కావచ్చు, 256 కావచ్చు. అందుకే విస్తీర్ణం రాయని దస్తావేజు ఎవరికీ పనికిరాదు. మనకు వచ్చిన చిక్కంతా ఇక్కడే ఉంది.

మన రూటర్లు మూడు. పాత భవనంలో ఇంటర్నెట్ లైను పట్టుకున్నది పాత రూటర్. రెండు భవనాలకు మధ్య ఉన్నది సరిహద్దు రూటర్. కొత్త భవనం పై అంతస్తులో ఉన్నది హాస్టల్ రూటర్. పిల్లలు ముందుగా కాగితం మీద రాసుకున్న పట్టిక ఇది:

పాత రూటర్, సరిహద్దు రూటర్ మధ్య: 172.16.1.0 /24
సరిహద్దు రూటర్, హాస్టల్ రూటర్ మధ్య: 172.16.2.0 /30
హాస్టల్ గదులు: 172.16.3.0 /26
చదువుల హాలు: 172.16.3.64 /26
కార్యాలయం: 172.16.4.0 /24
గ్రంథాలయం వైఫై: 172.16.8.0 /22

కార్యాలయానికి తప్ప హాస్టల్ రూటర్ వెనుక ఉన్న దేనికీ /24 లేదు. పనిచేస్తున్నదీ కార్యాలయం ఒక్కటే. కారణం అప్పటికి తెలియకపోయినా చూడవలసిన చోటు ఏదో ఈ పట్టిక చెప్పింది.

రెండు భాషలు, మధ్యలో ఒక దుబాసీ

ఏ ముక్క ఎటు ఉందో రూటర్లు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. అందుకు వాటికి భాషలున్నాయి. పాత భవనంలో నడుస్తున్నది రిప్ మొదటి వెర్షన్. దాని నియమాలు 1988లో ఆర్‌ఎఫ్‌సీ 1058గా వచ్చాయి. కొత్త భవనంలో నడుస్తున్నది ఓఎస్‌పీఎఫ్. దీని రెండో వెర్షన్‌కు ఆధారం 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2328. సరిహద్దు రూటర్‌కు రెండు భాషలూ వచ్చు. ఒక వైపు విన్న దారులను రెండో వైపుకు చెప్పడం దాని పని. దీన్నే రీడిస్ట్రిబ్యూషన్ అంటారు.

ఓఎస్‌పీఎఫ్ ప్రతి దారితో పాటు దాని మాస్కునూ చెబుతుంది. అంటే హద్దు రాయి, విస్తీర్ణం రెండూ చెబుతుంది. రిప్ మొదటి వెర్షన్ హద్దు రాయి మాత్రమే చెబుతుంది. దాని సందేశంలో ఒక్కో దారికి 20 బైట్ల చోటుంది. అందులో చిరునామా ఉంది, ఎన్ని రూటర్ల దూరమో చెప్పే మెట్రిక్ ఉంది. మాస్కుకు గడి లేదు. వినే రూటర్, సందేశం ఏ లైను మీద వచ్చిందో ఆ లైను మాస్కునే ఆ దారికీ అనుకుంటుంది. ‘నా పొలం 256 కాబట్టి నువ్వు చెప్పిన పొలమూ 256 అయి ఉంటుంది’ అన్నట్టు.

అందుకని చెప్పే రూటర్ ఒక జాగ్రత్త పాటిస్తుంది. రెండు వైపులా ఒకే పెద్ద నెట్‌వర్కు ఉన్నప్పుడు (మన విషయంలో అది 172.16.0.0) తాను మాట్లాడే లైను మాస్కుతో సరిపోయే దారులనే చెబుతుంది. సరిపోనివి చెప్పదు. అటువైపు రూటర్ తప్పుగా అర్థం చేసుకుంటుందని ఊరుకుంటుంది. హెచ్చరిక ఇవ్వదు, ఎర్ర దీపమూ వెలగదు.

తప్పు ఎలా దొరికింది

మొదటి పరీక్ష: చదువుల హాలు కంప్యూటర్ నుండి బయటి చిరునామాకు ట్రేస్‌రూట్ నడిపాం. మొదటి వరుసలో హాస్టల్ రూటర్ పలికింది. రెండో వరుసలో సరిహద్దు రూటర్ పలికింది. మూడో వరుస నుండి అన్నీ చుక్కలే. ఇది చూస్తే పాత రూటర్ మన ప్యాకెట్లను తీసుకోవడం లేదని అనిపిస్తుంది. అది పొరపాటు. ప్యాకెట్ అక్కడికి చేరింది. జవాబు పంపడానికే పాత రూటర్‌కు దారి తెలియదు. తెలియని చిరునామా కాబట్టి తన డిఫాల్ట్ దారి పట్టించి జవాబును బయటి ఇంటర్నెట్ వైపే తోసేసింది. నెట్‌వర్కులో పోయే దారి వేరు, వచ్చే దారి వేరు. పిల్లలకు మేము పదే పదే చెప్పేది ఇదే.

రెండో పరీక్ష: హాస్టల్ రూటర్ మీదే కూర్చుని పాత రూటర్‌ను పింగ్ చేశాం. జవాబు రాలేదు. కొత్త రూటర్ కొనాలన్న వాదనకు ఇంతకుముందు బలం ఇచ్చింది ఇదే పరీక్ష. తరగతిలోని ఒక అమ్మాయి అదే పింగ్‌ను, బయలుదేరే చిరునామాగా కార్యాలయం వైపు చిరునామా పెట్టి మళ్లీ చేసింది. జవాబు వచ్చింది. రూటర్ అదే, కేబుల్ అదే, గమ్యం అదే. మారింది బయలుదేరిన చిరునామా ఒక్కటే. పరికరం మీద, కేబుల్ మీద ఉన్న అనుమానం అక్కడితో పోయింది. మామూలు పింగ్ 172.16.2.0 /30 ముక్క నుండి బయలుదేరుతుంది. ఆ ముక్క సంగతి పాత రూటర్‌కు తెలియదు.

మూడో పరీక్ష: పాత రూటర్ పట్టిక చూడాలి. దాని పాస్‌వర్డు తెలిసిన మన వాలంటీరు ఉద్యోగం మీద గల్ఫ్ వెళ్లారు. ఆ రాత్రి ఫోన్‌లో దొరకలేదు. పాస్‌వర్డు ఏ రిజిస్టరులోనూ రాసి లేదు. అందుకని వినేవాడి దగ్గర కాకుండా చెప్పేవాడి దగ్గర కూర్చున్నాం. సరిహద్దు రూటర్‌లో రిప్ డీబగ్ పెట్టి, అది 30 సెకన్లకు ఒకసారి పంపే సందేశాన్ని చూశాం. సరిహద్దు రూటర్ సొంత పట్టికలో కొత్త భవనం ముక్కలన్నీ ఉన్నాయి. పాత రూటర్‌కు అది పంపుతున్న సందేశంలో మాత్రం ఒకే ఒక్క దారి ఉంది. అది 172.16.4.0, అంటే కార్యాలయం. సందేశం మీద ‘వెర్షన్ 1’ అని కూడా ఉంది.

ఇక్కడ ఇంకో అనుమానాన్నీ తీర్చుకోవాలి. ఓఎస్‌పీఎఫ్ దారులను రిప్‌లోకి తెచ్చేటప్పుడు మెట్రిక్ రాయకపోతే అవి 16 మెట్రిక్‌తో, అంటే ‘చేరలేం’ అన్న గుర్తుతో ఉండిపోతాయి. రిప్‌లో 15 దాటితే దారి లేనట్టే. మన తప్పు అదే అయితే కార్యాలయం దారి కూడా వెళ్లకూడదు. అది వెళ్తోంది కాబట్టి మెట్రిక్ సరిగానే ఉంది. అన్నీ ఆగిపోతే మెట్రిక్‌నో, అసలు ఆదేశాన్నో చూడాలి. కొన్ని వెళ్లి కొన్ని ఆగితే మాస్కులు చూడాలి.

ఆ రాత్రి చేసిన మందు

ముందు తేలిక మార్గం చూశాం. సరిహద్దు రూటర్ రెండో వెర్షన్‌లో పంపేలా మార్చాం. పాత రూటర్ పట్టించుకోలేదు. దానిలో మొదటి వెర్షన్ మాత్రమే వినమని రాసి ఉందని తరువాత తెలిసింది. పాస్‌వర్డు లేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేం. హాస్టల్ చిరునామాలన్నీ /24కు మార్చడం ఇంకో మార్గం. గడువు రెండు రోజులున్నప్పుడు ప్రతి యంత్రం మీదా చెయ్యి వేయడం కుదరదు. కాబట్టి ఏం చేసినా సరిహద్దు రూటర్‌లోనే చేయాలి.

పాత రూటర్‌కు /24 తప్ప వేరే విస్తీర్ణం అర్థం కాదు. అయితే దానికి అర్థమయ్యే /24 దారినే తయారు చేసి చెప్పాలి. సరిహద్దు రూటర్‌లో 172.16.3.0 /24కు ఒక స్టాటిక్ దారి రాసి, దాన్ని నల్ జీరో వైపు చూపించాం. నల్ జీరో అంటే ప్యాకెట్లను పారేసే గొయ్యి. గొయ్యి వైపు చూపిస్తే హాస్టల్ ప్యాకెట్లు అందులో పడవా అని పిల్లలు అడిగారు. పడవు. ఒక గమ్యానికి రెండు దారులు సరిపోతే రూటర్ ఎప్పుడూ చిన్న విస్తీర్ణం ఉన్న దారినే ఎంచుకుంటుంది. సరిహద్దు రూటర్‌కు ఓఎస్‌పీఎఫ్ ద్వారా రెండు /26 ముక్కలూ తెలుసు. అవి /24 కన్నా చిన్నవి. కాబట్టి హాస్టల్ ప్యాకెట్ హాస్టల్‌కే వెళ్తుంది. ఎవరికీ ఇవ్వని చిరునామాకు వచ్చినది మాత్రమే గొయ్యిలో పడుతుంది. 172.16.2.0కూ అలాగే రాశాం. ఈ స్టాటిక్ దారులను రిప్‌లోకి రీడిస్ట్రిబ్యూట్ చేయమని ఆదేశం ఇచ్చాం. నిమిషం తిరగకుండా చదువుల హాల్లో పేజీ తెరుచుకుంది.

అదే ఊపులో గ్రంథాలయానికీ అదే మందు వేశాం. 172.16.8.0 /22లో నాలుగు /24లు ఉన్నాయి: 8, 9, 10, 11. నాలుగింటినీ నల్ జీరో వైపు చూపించాం. గ్రంథాలయం పనిచేయలేదు. ఇది మా తప్పు, దాచుకోవడం లేదు. ఇక్కడ లెక్క తిరగబడింది. అసలు దారి /22, మేము రాసింది /24. ఇప్పుడు చిన్న విస్తీర్ణం ఉన్నది గొయ్యి వైపు దారే. రూటర్ నియమం ప్రకారం దాన్నే ఎంచుకుని గ్రంథాలయం ప్యాకెట్లన్నిటినీ పారేసింది. ఆ నాలుగు దారులను నల్ జీరో వైపు నుండి తీసేసి, హాస్టల్ రూటర్ చిరునామా 172.16.2.2 వైపు చూపించగానే సరిపోయింది.

పిల్లలు నోటు పుస్తకాల్లో రాసుకున్న నియమం ఇది. అసలు ముక్క /24 కన్నా చిన్నదైతే స్టాటిక్ దారిని నల్ జీరో వైపు చూపవచ్చు. అసలు ముక్క /24 కన్నా పెద్దదైతే స్టాటిక్ దారిని తప్పకుండా తరువాతి రూటర్ వైపే చూపాలి.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. సరిహద్దు రూటర్‌లో ఇంటర్నెట్ కోసం పాత రూటర్ వైపు చూపే డిఫాల్ట్ దారి ఉంది. అదీ స్టాటిక్ దారే. స్టాటిక్ దారులన్నీ చెప్పమంటే దాన్ని కూడా పాత రూటర్‌కే చెప్పే ప్రమాదం ఉంది. అందుకని మేము రాసిన ఆరు దారులే వెళ్లేలా ఒక జాబితా రాసి, దానితో జల్లెడ పట్టాం.

గడువు లోపల దరఖాస్తులన్నీ వెళ్లాయి. కొత్త రూటర్ కొటేషన్‌ను పక్కన పెట్టాం.

శాశ్వత పరిష్కారం

స్టాటిక్ దారులు ఊతకర్ర లాంటివి. కొత్త భవనంలో రేపు ఒక ముక్క కలిపితే ఎవరో గుర్తు పెట్టుకుని ఏడో దారి రాయాలి. హాస్టల్ వైపు కేబుల్ తెగిపోయినా గొయ్యి వైపు దారి మాత్రం ‘నేను ఉన్నాను’ అనే చెబుతుంటుంది. కాబట్టి పాస్‌వర్డు తెలిశాక, సెలవుల్లో, పాత రూటర్‌నూ సరిహద్దు రూటర్‌నూ రిప్ రెండో వెర్షన్‌కు మార్చాం. ఆటో సమ్మరీ తీసేశాం. రెండో వెర్షన్ నియమాలు ఆర్‌ఎఫ్‌సీ 2453లో, 1998 నాటి పత్రంలో ఉన్నాయి. మొదటి వెర్షన్ సందేశంలో సున్నాలతో ఖాళీగా వదిలిన చోటే రెండో వెర్షన్‌లో మాస్కు రాసే గడి అయింది. దస్తావేజులో విస్తీర్ణం రాయడానికి గడి దొరికింది. ఆరు స్టాటిక్ దారులనూ తీసేశాం. హాస్టల్, హాలు, గ్రంథాలయం అన్నీ వాటి అసలు మాస్కులతోనే పాత రూటర్‌కు తెలుస్తున్నాయి.

ఎదురు దిక్కు సంగతి కూడా పిల్లలకు చెప్పాం. రిప్ నుండి ఓఎస్‌పీఎఫ్‌లోకి దారులు తెచ్చేటప్పుడు, పాత సాఫ్ట్‌వేర్ ఉన్న రూటర్లలో ఆదేశం చివర ‘సబ్‌నెట్స్’ అన్న మాట రాయాలి. రాయకపోతే ముక్కలు చేయని పెద్ద నెట్‌వర్కులే వస్తాయి. 172.16.1.0 లాంటి ముక్కలు ఆగిపోతాయి. మన హాస్టల్ రూటర్‌లో డిఫాల్ట్ దారి ఉండడం వల్ల ఈ లోపం బయటపడలేదు, అంతే. ఆ మాట కూడా ఇప్పుడు చేర్చాం.

ఒక నిజం ఒప్పుకోవాలి. 172.16లో /24 ముక్కలు 256 చేసుకోవచ్చు. మన అవసరానికి పది కూడా పట్టవు. చిరునామాలకు కొరత లేని చోట /26, /30 అంటూ పొదుపు చేయడం వల్ల మనకు కలిగిన లాభం లేదు. చిన్న సంస్థలు అన్ని విభాగాలకూ ఒకే మాస్కు పెట్టుకుంటే ఈ చిక్కే రాదు.

ఇలాంటి చిక్కు ఎదురైతే

పాఠశాలలు, దుకాణాలు, కార్యాలయాలు నడిపే దాతలు మీలో చాలామంది ఉన్నారు. మీ దగ్గర కూడా రెండు భవనాలను కలిపినప్పుడు కొన్ని కంప్యూటర్లు పనిచేసి కొన్ని పనిచేయకపోతే, కొత్త పరికరం కొనే ముందు ఈ వరుసలో చూడమని మీ మనిషికి చెప్పండి.

1. ప్రతి విభాగం చిరునామానూ మాస్కునూ ఒక కాగితం మీద పక్కపక్కన రాయించండి.
2. పనిచేసే వాటికి ఏ మాస్కు ఉందో, పనిచేయని వాటికి ఏ మాస్కు ఉందో పోల్చండి.
3. పింగ్‌ను వేర్వేరు బయలుదేరే చిరునామాలతో చేయించండి. పోయే దారిని, వచ్చే దారిని విడివిడిగా చూడాలి.
4. సరిహద్దు రూటర్‌కు ఏయే దారులు తెలుసో, అందులో అది ఏవి చెబుతోందో రెండూ చూడండి. తేడా ఉన్న చోటే తప్పు ఉంటుంది.
5. వెర్షన్, మెట్రిక్, ‘సబ్‌నెట్స్’ అన్న మాట సరిచూడండి.
6. స్టాటిక్ దారి రాస్తే అసలు ముక్క కన్నా అది చిన్నదా పెద్దదా చూసి రాయండి.

దాతలకు ఒక మాట

మీరు ఇచ్చిన ప్రతి రూపాయి మా దగ్గర అమానత్. ఆ రాత్రి కమిటీ సంతకం పెట్టి ఉంటే కొత్త రూటర్ వచ్చేది, చిక్కు మాత్రం అలాగే ఉండేది. ఎందుకంటే కొత్త రూటర్ కూడా అవే మాస్కులతో అదే స్థానంలో కూర్చునేది. ఈ అనుభవం తరువాత మేము రెండు నియమాలు పెట్టుకున్నాం. ఏ పరికరం కొనాలన్నా, పాతది చెడిపోయిందని పరీక్షించి చూపిన కాగితం కొటేషన్‌తో జతచేయాలి. ప్రతి రూటర్ పాస్‌వర్డు, చిరునామాల పట్టిక ఒక రిజిస్టరులో రాసి, సీలు వేసి, కార్యాలయం బీరువాలో ఉంచాలి. మనుషులు ఉద్యోగాల మీద దూరం వెళ్తుంటారు. నెట్‌వర్కు ఇక్కడే ఉంటుంది.

ఈ ఏడు శిక్షణ తరగతికి కొత్త రూటర్ అడగడం లేదు. మీ కార్యాలయాల్లో మార్చేసిన పాత రూటర్లు, స్విచ్‌లు ఉంటే వాటిని తూకానికి వేయకుండా మాకు పంపండి. మొదటి వెర్షన్ మాత్రమే తెలిసినదైనా సరే. తప్పు ఎలా పుడుతుందో పిల్లలకు చూపించడానికి అలాంటిదే కావాలి.